ఫంగస్ టెస్టు కిట్లు చేస్తానంటే వద్దనకండి, ముందు ల్యాబులో కూర్చోబెట్టండి

ప్రశ్న: మాది అనంతపురం, పన్నెండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడు. ఫంగల్ ఇన్ఫెక్షన్లను నిమిషాల్లో, చవగ్గా పట్టే టెస్టులు తయారుచేసే పనిలోకి వెళ్తానంటోంది. గజ్జికీ తామరకీ టెస్టేమిటి, కోడింగ్ కోర్సులో చేరమంటే వినట్లేదు. మీరైనా చెప్పండి.

జవాబు: సార్, చెప్పాల్సింది అమ్మాయికి కాదు, మీకే. గజ్జి ఫంగస్ వల్ల రాదు, అది చర్మంలో దూరే సన్న పురుగు పని. మీరే కాదు, చాలామంది ఇలాగే రెండూ కలిపేసుకుని, మెడికల్ షాపులో స్టెరాయిడ్ కలిసిన క్రీము కొని తామరకు పూస్తారు, అది తగ్గినట్టే తగ్గి ఇంకా పాకుతుంది. ఇక 2021లో బ్లాక్ ఫంగస్ గుర్తుందా? ఆస్పర్జిల్లస్ అనే మరో ఫంగస్‌కి వాడే గెలాక్టోమానన్ రక్తపరీక్ష దాన్ని పట్టదు, ముక్కులోంచి ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూడాల్సి వచ్చింది. 2022లో డబ్ల్యూహెచ్ఓ 19 ప్రమాదకర ఫంగస్‌ల జాబితా వేసింది, కాబట్టి ఇది పనికిమాలిన రంగమేమీ కాదు.

నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు ఆస్పత్రి ల్యాబులో పనిచేశాను. చర్మం గీకిన పొట్టును గాజు పలక మీద వేసి, ఒక చుక్క కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ద్రావణం వేసి, కాసేపాగి చూస్తే ఫంగస్ పోగులు గాజు దారాల్లా కనిపిస్తాయి. అలవాటు లేని కంటికి మాత్రం గుడ్డలోంచి ఊడిన దూది పోగు కూడా ఫంగస్‌లాగే ఉంటుంది, మొదటి నెలలో నేను అలా రెండుసార్లు రిపోర్టు రాసి తిట్లు తిన్నాను. కల్చర్ పెడితే, అంటే శాంపిల్‌ని ల్యాబులో పెంచితే, తామర ఫంగస్ పెరగడానికి మూడు నాలుగు వారాలు కూడా పట్టొచ్చు, అన్నాళ్లు పేషెంటు ఎక్కడ ఆగుతాడు? అదే మెదడు పొరల వాపు తెచ్చే క్రిప్టోకాకస్ అనే ఫంగస్‌కి ప్రెగ్నెన్సీ టెస్టు లాంటి స్ట్రిప్ ఉంది, వెన్ను నీరో సీరమో (రక్తం నుంచి వేరుచేసిన ద్రవం) వేస్తే పది నిమిషాల్లో గీత పడుతుంది. అలాంటిది మిగతా వాటికీ కావాలి.

అయితే అంత తేలిక కాదు. ఫంగస్ కణం గోడ గట్టిది, డీఎన్ఏ బయటికి తీయడమే పెద్ద తలనొప్పి, పైగా క్యాండిడా లాంటివి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ఒంట్లో కూడా ఉంటాయి కాబట్టి పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు అనలేం. ఇవి పుస్తకంలో చదివితే రావు, శాంపిల్స్ చూసి చూసి రావాలి. అందుకే ఈ ఎండాకాలం సెలవుల్లో స్టార్టప్ ఇంటర్న్‌షిప్‌ల వెంట పరిగెత్తకుండా, మైకాలజీ (ఫంగస్‌లను పరీక్షించే) విభాగమున్న ఏదైనా మెడికల్ కాలేజీ ల్యాబులో, జీతం లేకపోయినా సరే, రెండు నెలలు కూర్చోమనండి.

తర్వాత ఎమ్మెస్సీ, దానికి ఐఐటీ జామ్, గాట్-బి అనే ప్రవేశ పరీక్షలు రాయొచ్చు. మీరు బెంగళూరులో ఉండటం మీ అదృష్టం: బళ్లారి రోడ్డులో బయోటెక్ స్టార్టప్‌లకు అండగా నిలిచే సీ-క్యాంప్ అనే కేంద్రం ఉంది, ట్రూనాట్ టీబీ టెస్టును తయారుచేసిన బిగ్‌టెక్ ల్యాబ్స్ కూడా ఈ ఊరిదే. ఆలోచన గట్టిదైతే కేంద్ర ప్రభుత్వ బయోటెక్ సంస్థ బైరాక్ వాళ్లు కొత్త ఆలోచనలకిచ్చే బిగ్ గ్రాంట్ కింద 50 లక్షల దాకా ఇస్తారు. డబ్బు సంగతి దాచను, మొదటి నాలుగైదేళ్లు మీ అపార్ట్‌మెంటులో సాఫ్ట్‌వేర్ పిల్లల జీతంతో పోల్చుకుంటే మీకు కడుపు మండుతుంది. కిట్ కనిపెట్టేవాళ్లకన్నా దాన్ని పరీక్షించి, లైసెన్సు కాగితాలు నడిపేవాళ్లకే ఉద్యోగాలు ముందు దొరుకుతాయి, అందులోకీ వెళ్లొచ్చు.

ఇంతకీ కోడింగ్ కోర్సు ఫీజు ఇంకా కట్టలేదు కదా?