మైనరుగా చేసిన అగ్రిమెంటు, మేజరయ్యాక తీసుకున్న లక్ష

ప్రశ్న: చిన్నప్పటి నుంచీ సినిమాల్లో బాలనటుణ్ని. 2018లో, నాకు 13 ఏళ్లప్పుడు, ఓ నిర్మాత నాతో సినిమా తీస్తూ, పెద్దయ్యాక హీరోగా గానీ దర్శకుడిగా గానీ మొదటి మూడు సినిమాలు తన సంస్థకే చేయాలని అగ్రిమెంటు రాయించుకున్నారు. నేనూ నాన్నా సంతకాలు పెట్టాం. పారితోషికంలో సగం ఇప్పటికీ ఇవ్వలేదు. సొంత పెదనాన్నలా నమ్మాం. ఇప్పుడు వేరే సంస్థలో దర్శకుడిగా తొలి సినిమా మొదలుపెడుతుంటే లాయరు నోటీసు పంపారు. రెండు నెలలైనా జవాబివ్వలేదు. 19 ఏళ్లప్పుడు ఖర్చులకని లక్ష రూపాయలు ఖాతాలో వేసి ఏదో కాగితం మీద సంతకం తీసుకున్నారు, చదవలేదు. ఆ సంతకం నాది కాదంటే సరిపోతుందా? మూడు నెలల్లో నాకు 21 నిండుతాయి.
– ఓ యువ దర్శకుడు, హైదరాబాద్

జవాబు: 2018 అగ్రిమెంటు గురించి భయం అక్కర్లేదు. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని మొహరీ బీబీ కేసులో 1903లోనే, అప్పట్లో మన దేశ కేసులకు పై కోర్టైన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. నాన్నగారి సంతకం వల్లా దానికి బలం రాదు. మైనరు నటి కోసం తండ్రి నిర్మాతతో చేసుకున్న ఒప్పందం మీద దావా నిలవదని రాజ్ రాణి – ప్రేమ్ అదీబ్ కేసులో బొంబాయి హైకోర్టు చెప్పింది.

మీ కేసు తేలేది ఆ లక్ష దగ్గర. మేజరయ్యాక కొత్తగా డబ్బు తీసుకుని సంతకం పెడితే అది కొత్త ఒప్పందం కావచ్చు. ఆ కాగితంలో లక్షను అడ్వాన్సు అన్నారా, చేబదులు అన్నారా, పాత పారితోషికంలో జమ అన్నారా? చదవకుండా సంతకం పెట్టడం, నకలు తీసుకోకపోవడం, నోటీసుకు రెండు నెలలు నోరు విప్పకపోవడం, మూడూ మీ తప్పులే. వాటిని నమ్మకం ఖాతాలో వేయకండి.

సంతకం నాది కాదన్న మాట మాత్రం కలలో కూడా అనకండి. డబ్బు మీ ఖాతాలోనే పడింది, సంతకం నిపుణుడి పరీక్షకు వెళ్తుంది. కోర్టులో తెలిసి అబద్ధపు సాక్ష్యం చెబితే ఏడేళ్ల వరకు జైలు. గెలవగల కేసు అక్కడితో పోతుంది.

ఈ వారంలోనే లాయరు ద్వారా జవాబిస్తూ ఆ కాగితం నకలు అడగండి. పుట్టిన తేదీ ధ్రువపత్రం, బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్ సందేశాలున్న ఫోను భద్రం. కొత్త ఒప్పందమే అని తేలినా, మీతో బలవంతంగా దర్శకత్వం చేయించమని కోర్టు ఆదేశించదు. కానీ ఆ నిర్మాత నష్టపరిహారం అడగొచ్చు, మీ కొత్త సినిమాపై స్టే కోరవచ్చు. అందుకే సివిల్ కోర్టులో కేవియట్ వేయండి. అది 90 రోజులు ఉంటుంది, మీ వాదన వినకుండా స్టే రాకుండా కాపాడుతుంది.

రావాల్సిన పారితోషికానికి గడువు దగ్గరపడింది. మైనరుగా ఉన్నప్పటి బాకీకి 18 నిండిన రోజు నుంచి మూడేళ్లే. అంటే మీ 21వ పుట్టినరోజులోపే దావా పడాలి. నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు. చెల్లని ఒప్పందం మీద కాకుండా, చేసిన పనికి ప్రతిఫలంగా కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ కింద అడగండి. లక్షను పాత బాకీలో జమగా ఆ నిర్మాతే రాసి సంతకం పెట్టి ఉంటే ఆ తేదీ నుంచి కొత్త గడువు మొదలవుతుంది. కానీ దాన్ని నమ్ముకుని ఆగకండి.

2017 బాలకార్మిక నిబంధనల ప్రకారం 14 ఏళ్లలోపు బాలనటుల ఆదాయంలో కనీసం 20 శాతం వారి పేరిట జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. మీ పేరిట ఉందేమో నాన్నగారిని అడగండి.

కొత్త నిర్మాతకు ఈ నోటీసు సంగతి ముందే రాతపూర్వకంగా చెప్పండి. ఎవరితోనూ వివాదాలు లేవని హామీ ఇచ్చే క్లాజు ఆయనతో చేసుకునే అగ్రిమెంటులో ఉంటే, నోటీసును మినహాయిస్తూ మార్పించాకే సంతకం పెట్టండి.