ప్రశ్నలు – జవాబులు: పగటి వలకు చిక్కని ప్లవకాలు

ప్రశ్న: భీమిలి దగ్గర మధ్యాహ్నం పడవ మీద వెళ్లి, చీర గుడ్డతో కుట్టిన వల లాగాం. పచ్చటి జిగురు తప్ప జంతుప్లవకాలు (నీటి వాలున కొట్టుకుపోయే జంతువులు) పెద్దగా పడలేదు. తప్పెక్కడ?
– సైన్సు టీచరు, విశాఖపట్నం

జవాబు: గుడ్డలోనూ ఉంది, వేళలోనూ ఉంది. చీర నేత మరీ సన్నం. వృక్షప్లవకాల (నీటిలో తేలే కంటికి ఆనని నాచు లాంటివి) జిగురు కాసేపట్లోనే కన్నాలు మూసేస్తుంది. ఆపైన నీరు లోపలికి పోక మూతి దగ్గరే పక్కకు మళ్లుతుంది. స్క్రీన్ ప్రింటింగ్ సామాను అమ్మే కొట్లో 200 మైక్రాన్ల (0.2 మిల్లీమీటర్ల) కన్నాలున్న నైలాన్ మెష్ అడగండి. మూతి రింగు 30 సెంటీమీటర్లు, వల పొడవు దానికి మూడింతలు, తోకకు సీసా. నడక వేగంతో 5 నిమిషాలు లాగితే చాలు. జోరు పెంచితే పడినవి నలిగిపోతాయి. వలను బయటి వైపు నుంచే నీళ్లు కొట్టి కడగండి.

ఇక వేళ. చేపలు చూపుతో వేటాడతాయి కనుక చాలా రకాల జంతుప్లవకాలు పగలు కిందికి దిగి, పొద్దుగూకాక మేతకు పైకొస్తాయి. నడిసముద్రంలో ఈ రాకపోకలు వందల మీటర్లు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సోనార్‌కు (శబ్దపు ప్రతిధ్వనితో నీటి లోపలివి కనిపెట్టే సాధనం) సముద్రపు అడుగులా తోచి, రాత్రి పైకి లేచిన పొర ఈ గుంపులూ, వాటితో తిరిగే చిన్న చేపలే. మీరు సూర్యాస్తమయమైన గంటకు లాగండి. పిల్లలను మాత్రం రాత్రి పడవ ఎక్కించొద్దు, జెట్టీ మీంచి లాగినా దొరుకుతాయి.

సాధారణంగా ఎక్కువగా పడేవి రొయ్యల దూరపు చుట్టాలైన కోపెపాడ్‌లు: మిల్లీమీటరు ఒళ్లు, చాలావాటికి ఒకే ఎర్ర కన్ను, బారు మీసాలు, కుదుపు కుదుపుగా గెంతు. ఆరు నాప్లియస్ (తొలి పిల్ల) దశలు, ఐదు కోపెపోడిడ్ (ఎదిగే పిల్ల) దశలు దాటితేగాని పెద్దవి కావు. దశ మారినప్పుడల్లా కుబుసం విడుస్తాయి. సీసాలో తేలే ఖాళీ కుబుసాలను చచ్చినవాటి కింద లెక్కేయకండి. గాజుపుల్లలా కదలకుండా ఉండి, ఉన్నట్టుండి దూసుకెళ్లేది బాణపురుగు. దాని పేగులో మింగిన కోపెపాడ్ కనిపిస్తే పిల్లలు లెన్స్ వదలరు. నెత్తిన కొమ్మున్నది పీత పిల్ల, జోయియా. అది కొన్ని వారాల అతిథే, పెరిగాక అడుగుకు దిగిపోతుంది.

ప్రశ్న: ఫార్మలిన్‌లో (నమూనాలు కుళ్లకుండా ఉంచే ద్రావణం) ఉంచిన నత్త పిల్లల పెంకులు కరిగిపోయాయి. ఎందుకు?
– కాలేజీ విద్యార్థి, కాకినాడ

జవాబు: ఫార్మలిన్ నిల్వలో ఆమ్లంగా మారి సున్నపు పెంకును తినేస్తుంది. 9 పాళ్ల నమూనాకు 1 పాలు ఫార్మలిన్ పోయండి, అందులో ముందే ఆమ్లాన్ని అణిచే బోరాక్స్ కలపండి. పీహెచ్ (ఆమ్లగుణం చెప్పే అంకె, తగ్గితే ఆమ్లం పెరిగినట్టు) 8కి తగ్గకుండా అప్పుడప్పుడు చూసుకోండి. సీసాలో జీవులు పావు వంతు దాటితే కుళ్లుతాయి. గాలి ఆడే చోట, చేతి తొడుగులతోనే ఈ పని చేయాలి.

ప్రశ్న: అంత పెద్ద జెల్లీఫిష్‌ను ప్లవకమంటారేం?
– గృహిణి, మచిలీపట్నం

జవాబు: ఇక్కడ సైజుతో పని లేదు. ప్రవాహానికి ఎదురీదలేనిదల్లా ప్లవకమే. చాలా జెల్లీఫిష్‌లు మొదట అడుగున రాయికి అంటుకుని కదలకుండా ఉండే పాలిప్‌లే. ఆ పాలిప్ పళ్లేలు పేర్చినట్టు అడ్డంగా విడివడితే, ఒక్కో పళ్లెం ఒక్కో చిన్న జెల్లీఫిష్‌గా తేలిపోతుంది.