వైశాఖంలో పెళ్లి ఉంటే ముఖానికీ పళ్లకూ చికిత్స ఎప్పుడు మొదలుపెట్టాలి?

పాలమూరు వైపు ఊరని, వైశాఖంలో ముహూర్తం కుదిరిందని, ఇంకా ఐదు నెలల గడువుందని రాశారు. మొటిమలు తగ్గినా నల్లమచ్చలు మిగిలాయని, మేనత్త ఇచ్చిన క్రీము రాస్తున్నానని, పై పెదవి మీద నూగు, ముందు పళ్ల మీద గార ఇబ్బంది పెడుతున్నాయని చెప్పి, పార్లర్ వాళ్ల పెళ్లికూతురి ప్యాకేజీకి అడ్వాన్సు కట్టవచ్చా అని అడిగారు. ఆ డబ్బు ఇప్పుడే కట్టకండి. ముందు చర్మవ్యాధుల డాక్టరుకు ముఖం చూపించండి. నల్లగొండలో మా చెల్లెలి పెళ్లికి ఈ పనులన్నీ దగ్గరుండి చూసుకున్నాను కాబట్టి, దేనికెంత వ్యవధి పడుతుందో వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఆ క్రీము సంగతి. మా చెల్లెలు నిశ్చితార్థానికి ముందు, ఒక మందుల దుకాణంలో చీటీ లేకుండానే ఇచ్చిన ట్యూబు తెచ్చుకుని రాసింది. మొదట్లో ముఖం నిగనిగలాడింది, చుట్టాలు మెచ్చుకున్నారు. అది అయిపోయి రాయడం మానేసిన కొద్దిరోజులకే బుగ్గలు ఎర్రబడి, గడ్డం చుట్టూ సన్నని పొక్కులు లేచాయి. పొయ్యి దగ్గర కాసేపు నిలబడితే చాలు, ముఖమంతా కందిపోయేది. డాక్టరుగారు ఆ ఖాళీ ట్యూబు మడతలు విప్పి, లోపల దాగిన చిన్న అక్షరాలను మాకు చదివి వినిపించారు: మొమెటసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్. ఇందులో మొదటిది స్టెరాయిడ్. ఈ మూడూ కలిసిన మందును డాక్టర్లు మంగుకు తమ పర్యవేక్షణలో కొద్దివారాలపాటు వాడిస్తారు. అదే మందును తెల్లబడడానికని నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రని సన్న నరాలు పైకి తేలి, మొటిమలూ రోమాలూ పెరుగుతాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది కనుక, చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. అయినా పెళ్లీడు ఆడపిల్లల చేతుల్లో అవి కనిపిస్తూనే ఉండడం నాకెంతో బాధ కలిగిస్తుంది. మీ ట్యూబు మీద మొమెటసోన్, బీటామెథసోన్, క్లోబెటసోల్ వంటి పేర్లు ఉంటే, ఉన్నపళంగా మానేయకుండా ట్యూబుతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎలా తగ్గించుకుంటూ ఆపాలో వారే చెబుతారు. అలా దెబ్బతిన్న చర్మం కుదుటపడేదాకా దాని మీద బ్లీచ్ గానీ, పీల్ (మందు పూసి చర్మం పై పొరను ఊడదీయడం) గానీ, లేజర్ గానీ చేయించకూడదు.

మచ్చల విషయంలో ఐదు నెలలు మంచి వ్యవధే. మన చామనఛాయ చర్మం మీద చిన్న మంట పుట్టినా అది నల్లమచ్చగా మిగులుతుంది, అందుకే ఘాటైన చికిత్సల కంటే నిదానమైనవే మేలు. గ్లైకాలిక్ పీల్ వంటివి డాక్టరు సూచిస్తే రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో చేస్తారు. చివరిది పెళ్లికి కనీసం నెల ముందే ముగిసేలా చెప్పి చేయించుకోండి. మన దగ్గర ఫాల్గుణం నుంచే ఎండ ముదురుతుంది కాబట్టి, ఎస్పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాయకుండా బయట తిరిగితే పీల్‌కు పెట్టిన ఖర్చంతా వృథా అవుతుంది. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవున తీసుకోవాలి, బయటే ఉండవలసి వస్తే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. పెళ్లి పత్రికలు పంచడానికి బండి మీద తిరిగే రోజుల్లో చాలామంది దీన్నే మరిచిపోతారు.

పై పెదవి మీద ఉన్నది సన్నని లేత నూగయితే లేజర్ దాని మీద అంతగా పనిచేయదు, త్రెడింగ్ చాలు. గడ్డం కింద నల్లని ముతక వెంట్రుకలు ఉంటే లేజర్‌తో తగ్గుతాయి, కానీ నాలుగు నుంచి ఆరు వారాలకో సిట్టింగు చొప్పున కనీసం ఆరు పడతాయి, మీకున్న గడువులో అన్నీ పూర్తికాకపోవచ్చు. మధ్యలో త్రెడింగ్, వ్యాక్సింగ్ చేయించకూడదు. నెలసరి కూడా క్రమం తప్పుతుంటే హార్మోన్ల పరీక్ష అవసరమేమో అడగండి.

ఒక మాట మాత్రం తప్పకుండా గుర్తుంచుకోండి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు ఇస్తే, మీ పెళ్లి తేదీని డాక్టరుకు ముందే చెప్పాలి. ఆ మాత్రలు వాడుతున్నప్పుడు, ఆపిన తర్వాత ఇంకో నెల దాకా గర్భం రాకూడదు, ఎందుకంటే బిడ్డకు తీవ్రమైన అవయవ లోపాలు ఏర్పడే ప్రమాదం ఉంది. ఇంట్లో పెద్దవాళ్ల ముందు అడగడానికి సిగ్గుపడి ఈ సంగతి దాటవేయవద్దు.

ఇక పళ్లు. మా నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవారిలో ఈ గార ఎంతమందికి ఉంటుందో మాకు తెలుసు. మా చెల్లెలు ఫోటోలో ఎప్పుడూ పెదవులు బిగించే నవ్వేది. ఫ్లోరైడ్ గార తోమితే పోయే పాచి కాదు, చిన్నతనంలో ఎనామెల్ (పంటి పైనుండే గట్టి పొర) తయారయ్యేటప్పుడే పట్టిన మచ్చ. గోధుమరంగు పైపైనే ఉంటే దంతవైద్యులు పై పొరను అతి సన్నగా అరగదీసి, తర్వాత బ్లీచింగ్ చేస్తారు. మొదట్లో తెల్లచుక్కలు మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, చల్లనీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటాయి; రెండూ క్రమంగా సర్దుకుంటాయి. ఆపైన మచ్చలు కప్పే పంటిరంగు పూత వేయించాలంటే బ్లీచింగ్ తర్వాత రెండు వారాలైనా ఆగాలి. అందుకని పెళ్లికి మూడు నెలల ముందే ఈ పని మొదలుపెట్టండి. నేరుగా వెనీర్లు (పళ్ల ముందువైపు అతికించే పలచని పెంకులు) వేయించుకోమంటే తొందరపడవద్దు: వాటికోసం అరగదీసిన ఎనామెల్ మళ్లీ పెరగదు.

చివరి నెలలో ముఖానికి కొత్తది ఏదీ అంటనివ్వకండి. జుట్టుకు రంగు వేయించేట్టయితే, రెండు రోజుల ముందు చెవి వెనక కాస్త రాసి చూడండి. చేతికి మామూలు గోరింటాకే పెట్టించుకోండి. నిమిషాల్లో నల్లగా పండుతుందనే కోన్లలో అదే జుట్టు రంగు రసాయనం కలిపి ఉండవచ్చు, అది పడకపోతే బొబ్బలు లేస్తాయి. నలుగు మానుకోనవసరం లేదు, అయితే పసుపు ఇంట్లో కొట్టించినదై ఉండాలి. ముఖం మీద సున్నిపిండితో గట్టిగా రుద్దవద్దని మీ వదినలకూ పిన్నులకూ ముందురోజే చెప్పి ఉంచండి.