పరుగుతో కమిలిన కాలిగోళ్లు

ప్రశ్న: నా వయసు 38. కొన్ని నెలలుగా దూరపు పరుగు సాధన చేస్తున్నాను. ఈమధ్య 20 కిలోమీటర్లు దాటి పరుగెత్తిన రోజున కుడికాలి బొటనవేలి గోరు, దాని పక్కవేలి గోరు నల్లగా కమిలిపోయాయి. మొదటి రెండు రోజులు సలుపు ఉండేది. ఇప్పుడు నొప్పి లేదు గానీ బొటనవేలి గోరు ఒక పక్క కదులుతున్నట్టు అనిపిస్తోంది. సూదిని కాల్చి గోటికి రంధ్రం చేస్తే చెడురక్తం పోతుందని తోటివారు చెబుతున్నారు. అలా చేయవచ్చా? గోరు ఊడిపోతే మళ్లీ వస్తుందా? పరుగు ఆపేయాలా?

జవాబు: ముందుగా సూది సంగతి. దయచేసి ఆ పని చేయకండి. గోటికి రంధ్రం చేసి రక్తం తీయడం వైద్యులు చేసే చికిత్సే అయినా, అది కమిలిన మొదటి ఒకటి రెండు రోజుల్లో, సలుపు భరించలేనంతగా ఉన్నప్పుడు మాత్రమే ఉపయోగపడుతుంది. ఆ తర్వాత రక్తం గడ్డకడుతుంది కాబట్టి రంధ్రం చేసినా బయటికి వచ్చేదేమీ ఉండదు. అది చెడురక్తమూ కాదు. ఇంట్లో సూదితో పొడిస్తే మాత్రం సూక్ష్మక్రిములు లోపలికి చేరి చీము పట్టే ప్రమాదం ఉంది. మీకు నొప్పి తగ్గిపోయింది కనుక దాన్ని తీయవలసిన అవసరమే లేదు.

మీ గోళ్లు ఒక్క దెబ్బకు కమిలినవి కావు. పరుగులో ప్రతి అడుగుకూ పాదం బూటులో కొద్దిగా ముందుకు జారి, వేలి కొస బూటు ముందుభాగానికి తగులుతుంది. విడిగా చూస్తే తెలియనంత చిన్న తాకిడి అది. అదే వేలసార్లు జరిగేసరికి గోటి అడుగున ఉన్న చర్మంలోని సన్నని రక్తనాళాలు చిట్లి, కారిన రక్తం ఎటూ పోలేక అక్కడే నిలిచిపోతుంది. గంటల తరబడి పరుగెత్తితే పాదాలు ఉబ్బుతాయి గనుక బయలుదేరేటప్పుడు సరిపోయిన బూటు చివరి కిలోమీటర్లలో ఇరుకవుతుంది. పల్లంలోకి దిగేటప్పుడు పాదం ముందుకు జారడం ఇంకా ఎక్కువ. మీకు బొటనవేలు, పక్కవేలు రెండూ కమిలాయంటే బూటు ముందుభాగంలో చోటు చాలడం లేదని నా అనుమానం.

అందుకే నేను గోటికన్నా ముందు బూటు గురించే అడుగుతాను. బూటు వేసుకుని నిలబడినప్పుడు, అన్నింటికన్నా పొడవైన వేలికీ బూటు కొసకూ మధ్య చేతి బొటనవేలు పట్టేంత, అంటే ఒక సెంటీమీటరుకు పైగా, ఖాళీ ఉండాలి. బరువు పడినప్పుడు పాదం సాగుతుంది కాబట్టి కూర్చుని చూస్తే ఈ అంచనా తప్పుతుంది. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం వేళ, పరుగుకు వాడే సాక్సుతోనే వేసి చూసి, రెండు పాదాల్లో పెద్దదానికి సరిపోయే జత తీసుకోండి. అయితే బూటు మరీ పెద్దదైనా చిక్కే. వదులు బూటులో పాదం మరింత జారి వేళ్లు మరింత గట్టిగా కొట్టుకుంటాయి. వేళ్ల దగ్గర చోటు ఉండాలి, మడమ మాత్రం కదలకూడదు. చాలా పరుగు బూట్లకు చీలమండ దగ్గర ఒక అదనపు రంధ్రం ఉంటుంది, చాలామంది దాన్ని వాడకుండా వదిలేస్తారు. రెండు వైపులా లేసును అదే వైపు రంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చులా వదిలి, ఒక్కో కొసను ఎదుటివైపు ఉచ్చులోంచి తీసి బిగించి ముడివేస్తే మడమ నిలుస్తుంది. గోళ్లను గుండ్రంగా కాక తిన్నగా, వేలి కొసను దాటకుండా కత్తిరించుకోండి.

కదులుతున్న గోటిని లాగకండి. కింది లేత చర్మానికి అదే రక్షణ. విడిపోయిన అంచు సాక్సుకు తగులుకుంటుంటే అంతవరకే కత్తిరించి, మిగిలినదాన్ని మెడికల్ టేపుతో కదలకుండా ఉంచండి. ఒకవేళ ఊడిపోతే ఆ చోటును సబ్బునీటితో కడిగి, తడి లేకుండా అద్ది, పెట్రోలియం జెల్లీ రాసి పట్టీ వేయండి. గోరు తప్పకుండా మళ్లీ వస్తుంది, కానీ ఓపిక కావాలి. కాలిగోరు నెలకు సుమారు 1.5 మిల్లీమీటర్లే పెరుగుతుంది కాబట్టి బొటనవేలి గోరు పూర్తిగా రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. కొత్త గోరు మొదట్లో కొంత గరుకుగా ఉంటే కంగారు పడకండి. పసుపురంగుకు తిరిగి, మందమై, పొడిపొడిగా రాలుతుంటే మాత్రం ఫంగస్ చేరి ఉండవచ్చు, పరీక్ష చేయించుకోండి.

పరుగు ఆపనవసరం లేదు. నడిచినా, వేలిని నొక్కినా నొప్పి లేకపోతే బూటు సరిచూసుకుని తక్కువ దూరాలతో మళ్లీ మొదలుపెట్టవచ్చు. మధుమేహం ఉన్నవారికి, పాదాల్లో స్పర్శ తగ్గినవారికి, రక్తం పలచబడే మందులు వాడేవారికి ఈ సలహా వర్తించదు. వారు గోరు కమిలిన వెంటనే వైద్యునికి చూపించుకోవాలి. ఎవరికైనా సరే వేలు ఎర్రబడి వేడెక్కినా, చీము కారినా ఆలస్యం చేయకూడదు.

మీరు అడగని విషయం ఒకటి ఉంది. గోరు కింది నలుపంతా రక్తం కాదు. మెలనోమా అనే చర్మ కాన్సర్ అరుదుగానే అయినా గోరు కింద నల్లని మచ్చగా, చారగా మొదలవుతుంది. గాయకుడు బాబ్ మార్లే బొటనవేలి గోరు కింద మచ్చను మొదట ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1977లో అది మెలనోమా అని తేలింది, 1981లో ఆయన మరణించారు. రక్తపు మచ్చ గోటితోపాటు ముందుకు జరుగుతుంది, దాని వెనక మామూలు రంగు గోరు కనిపిస్తుంది. కాబట్టి ఈరోజే ఒక ఫొటో తీసి, నెలకోసారి మళ్లీ తీసి పోల్చి చూడండి. రెండు మూడు నెలలైనా మచ్చ జరగకపోయినా, ఈలోగా అది వెడల్పైనా, నలుపు గోరు మొదట్లోని చర్మంపైకి పాకినా చర్మవ్యాధుల నిపుణునికి చూపించండి.