ఇంటర్‌స్టెల్లార్ 4కె డిస్క్ కొనొచ్చా? కొనండి, కానీ అలల సీన్ చూసి తేల్చకండి

మీ ప్రశ్న ఏంటంటే, "సినిమా ఎలాగూ ఓటీటీలో దొరుకుతోంది, ఇంటర్‌స్టెల్లార్ 4కె బ్లూ-రే డిస్క్ మీద అంత డబ్బు పోయడం దండగ కాదా? తేడా నిజంగా కనపడుతుందా?" అని.

దండగ కాదు. తేడా కనపడుతుంది. అయితే మొదటి రాత్రి నాకే కనపడలేదు. ఆ సంగతి దాచి "కొనెయ్యండి" అంటే మోసం చేసినట్టే.

మా బావమరిది డాలస్‌లో ఉంటాడు. వచ్చేటప్పుడు నాకు డిస్కులు తెస్తాడు, వెళ్ళేటప్పుడు ఆవకాయ మోసుకుపోతాడు. క్రిస్టఫర్ నోలన్ తీసిన ఈ అంతరిక్ష సినిమా 4కె డిస్క్ అమెరికాలో 2017 డిసెంబర్‌లో వచ్చింది, మా ఇంటికి 2018 వేసవిలో చేరింది. అమెరికా డిస్క్ ఇక్కడ ఆడుతుందా అని చాలామంది భయపడతారు. మామూలు బ్లూ-రేకి ప్రాంతాల తాళం ఉంటుంది, మనది సి, వాళ్ళది ఎ. 4కె డిస్కులకి ఆ గొడవే లేదు, ఎక్కడ కొన్నా ఎక్కడైనా ఆడుతుంది.

ఆ వేసవిలోనే మామయ్య గారూ అత్తయ్య గారూ కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌కి వచ్చి ఉన్నారు. మామయ్య గారు తెనాలి పక్కన ఒక ఊళ్ళో థియేటర్ ఆపరేటర్‌గా ముప్పై ఏళ్ళకి పైగా పనిచేశారు. ప్రొజెక్టర్‌లో దీపం కోసం కార్బన్ కడ్డీలు వెలిగించిన మనిషి. ఆయన ముందు నా కొత్త 4కె ప్లేయర్ గొప్ప చూపించాలని నాకు ఉబలాటం. రాత్రి తొమ్మిదికి లైట్లు ఆర్పి, అందర్నీ కూర్చోబెట్టి డిస్క్ వేశాను.

పది నిమిషాలు కాలేదు, మా ఆవిడ అంది: "ఇదేంటి, సీరియల్‌లా ఉంది?"

నాకు కోపం వచ్చింది. కానీ చూస్తే నిజమే. మనుషులు నడుస్తుంటే నేల మీద జారుతున్నట్టుంది. పైగా బొమ్మంతా మసకమసగ్గా, బూడిద పూసినట్టు ఉంది. బావమరిది తన ఫోన్‌లో అదే సినిమా పెట్టి "ఇదే బావుంది కదా బావా" అన్నాడు. మామయ్య గారు మర్యాదస్థులు, ఏమీ అనకుండా నిద్రొస్తోందని లేచి వెళ్ళిపోయారు. ఆ రాత్రే ఒక్క నక్షత్రం ఇచ్చి తిట్టు రివ్యూ రాద్దామని సగం టైపు కూడా చేశాను.

మర్నాడు ప్లేయర్ రిమోట్‌లో సమాచారం బటన్ నొక్కితే అసలు విషయం బయటపడింది. డిస్క్‌లో ఉన్నది హెచ్‌డీఆర్ బొమ్మ, అంటే వెలుగునీడల తేడా ఎక్కువ పట్టేది, టీవీకి వెళ్తున్నది మాత్రం మామూలు ఎస్‌డీఆర్. ఎందుకంటే నా టీవీ వెనక హెచ్‌డీఎంఐ పోర్టు పూర్తి సామర్థ్యంతో పనిచెయ్యాలంటే మెనూలో నాలుగు మెట్లు దిగి ఒక ఆప్షన్ ఆన్ చెయ్యాలట. టీవీ కంపెనీ వాళ్ళు దాన్ని ఆఫ్‌లో పెట్టి పంపారు. లక్ష రూపాయల కారు అమ్మి నాలుగో గేరు డాష్‌బోర్డు కింద దాచినట్టు! ఇక ఆ సీరియల్ జబ్బు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. టీవీ తన సొంత తెలివితో మధ్యలో లేని ఫ్రేములు పుట్టించి నింపుతుంది. దీనికి ఒక్కో కంపెనీ ఒక్కో ముద్దుపేరు పెట్టుకుంది, ఏ పేరున్నా ఆపెయ్యండి. "వివిడ్" మోడ్ కూడా తీసెయ్యండి. అది షోరూమ్‌లో ట్యూబ్‌లైట్ల కింద పక్క టీవీని ఓడించడానికి పెట్టింది, ఇంట్లో చూడటానికి కాదు.

నెట్‌లో డిస్కుల మీద వచ్చే రివ్యూల్లో సగం ఇలాంటి టీవీల మీద చూసి రాసినవే అని నా గట్టి నమ్మకం. రుజువు అడక్కండి, నేను దాదాపు రాసేశాను కదా, అదే రుజువు.

రెండో రాత్రి మళ్ళీ వేశాను. మా ఆవిడ ఏమీ అనలేదు, అంటే బావున్నట్టు. ఈసారి లేవకుండా చూసింది మామయ్య గారు. ఈ సినిమాలో చాలా భాగం మామూలు 35 ఎమ్ఎమ్ స్కోప్‌లో, అంటే బాగా వెడల్పు బొమ్మగా తీసింది, అప్పుడు టీవీలో పైనా కిందా నల్ల పట్టీలు ఉంటాయి. గంటకి పైగా భాగం పెద్ద ఫిలిం వాడే ఐమాక్స్ కెమెరాతో తీసింది, అది రాగానే పట్టీలు మాయమై తెరంతా నిండుతుంది. పట్టీలున్నంతసేపూ టీవీ ఎత్తులో నాలుగో వంతు ఖాళీయే. మామయ్య గారు రెండు మూడు మార్పులు చూసి ఊరుకున్నారు. నీళ్ళ గ్రహం దగ్గరికి వచ్చేసరికి ఇక ఆగలేకపోయారు.

"బాబూ, కాస్త ఆపు. రీలు మధ్యలో లెన్స్ ఎట్టా మార్చాడు?"

ఆపాను. ఆయన చెప్పింది వినండి. అప్పట్లో థియేటర్లో ముందు న్యూస్‌రీల్ వేసేవాళ్ళు, అది ఫ్లాట్, అంటే అంత వెడల్పు లేని బొమ్మ. అసలు సినిమా స్కోప్. మధ్యలో ఫ్లాట్ లెన్స్ విప్పి స్కోప్ లెన్స్ బిగించాలి, తెర పక్కన గుడ్డలు జరపాలి. అది అరనిమిషం ఆలస్యమైతే నేల టికెట్టోళ్ళు ఈలలు, మనుషులు సాగిపోయి సన్నగా కనపడితే బూతులు. ఇక్కడేమో షాటు షాటుకీ మారుతోంది, ఒక్క ఈల లేదు. ఈ ఐమాక్స్ ఫిలిం కెమెరాలో 65 ఎమ్ఎమ్, థియేటర్ ప్రింటులో 70 ఎమ్ఎమ్ అనీ, నిలువుగా కాక అడ్డంగా పరిగెడుతుందనీ, ఒక్కో ఫ్రేముకి అంచున పదిహేను రంధ్రాలుంటాయనీ చెప్పాను. ఆయన చూపుడు వేలూ బొటనవేలూ దూరంగా పెట్టి గాలిలో కొలుచుకున్నారు. "పదిహేనా? మనది నాలుగు రంధ్రాలే గదయ్యా!" అన్నారు. ఆ తర్వాత ఎన్ని వీడియోలు చూసినా ఆ వేళ్ళ మధ్య దూరం చెప్పినంత బాగా నాకు ఎవరూ చెప్పలేదు.

నిజం చెప్పాలంటే డిస్క్‌లో కూడా ఆ బొమ్మ మొత్తం లేదు. అసలు ఐమాక్స్ ఫ్రేము దాదాపు చదరంగా ఉంటుంది, వెడల్పు ఎత్తుకి 1.43 రెట్లు. డిస్క్‌లో మన టీవీ ఆకారానికి, 1.78కి కోశారు. అంటే ఎత్తులో ఐదో వంతు కత్తిరించినట్టే. అయినా పట్టీలు పోయి తెర తెరుచుకునే క్షణం ఇంట్లో ఒళ్ళు ఝల్లుమంటుంది. ఓటీటీలో ఈ సినిమా దొరికిన చోటల్లా ఆ మార్పు ఉంటుందన్న గ్యారంటీ లేదు, డిస్క్‌లో ఉంటుంది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. డిస్క్ ఎలా ఉందో చూడాలంటే అందరూ కొండంత అల వచ్చే సీనో, గిరగిరా తిరిగే నౌకని పట్టుకునే సీనో పెడతారు. అవి ఎందులో చూసినా బావుంటాయి. పెళ్ళివారింట్లో లడ్డూ బావుందా అని అడిగినట్టు. వంటవాడి పనితనం తెలియాలంటే పప్పు రుచి చూడాలి. మీరు స్కూల్లో తండ్రిని పిలిచి మాట్లాడే సీన్ పెట్టండి. అపోలో యాత్రలు అబద్ధమని పాఠ్యపుస్తకంలో రాశారని టీచరు చెప్పే ఆ సీన్. ముగ్గురు కూర్చుని మాట్లాడుకోవడం తప్ప ఏమీ ఉండదు. అందులో బొమ్మ మెత్తగా ఉంటుంది, గోడల మీద ఫిలింకి సహజంగా ఉండే సన్నటి చుక్కల గింజ కదులుతూ ఉంటుంది. మామయ్య గారు దాన్ని "ఇసక" అంటారు. "ప్రింటులో ఇసక ఉండాల, లేకపోతే అది ఫిలిం ఎట్టా అయ్యిద్ది?" అన్నారు. ఆ ఇసక డిస్క్‌లో ఇసకలాగే ఉంది. కొన్ని పాత సినిమాల 4కె డిస్కుల్లో దాన్ని కంప్యూటర్‌తో కడిగేసి మొహాల్ని మైనం బొమ్మలు చేశారు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఇక్కడ ఆ పాపం చెయ్యలేదు.

స్ట్రీమింగ్ ఓడిపోయేది కూడా ఇక్కడే. ఫిలిం గింజ, దుమ్ము, పొగ, ఇవి క్షణక్షణం మారుతుంటాయి కాబట్టి కుదించడానికి లొంగవు. ఈ సినిమాలో ఉన్నదంతా దుమ్మే కదా! 4కె స్ట్రీమింగ్ మామూలుగా సెకనుకి 15 నుంచి 25 మెగాబిట్ల దగ్గర ఆడుతుంది. 4కె డిస్క్ పద్ధతిలో వంద దాటి కూడా వెళ్ళడానికి చోటుంది, డిస్క్‌లో పట్టేదే 50 నుంచి 100 జీబీ దాకా. మా ఇంట్లో స్ట్రీమింగ్‌లో దుమ్ము తుఫాను వచ్చినప్పుడు ఆకాశం గడులు గడులుగా విడిపోయింది. డిస్క్‌లో దుమ్ము దుమ్ములాగే వచ్చింది. అంతే తేడా, కానీ ఒకసారి చూశాక కళ్ళు మళ్ళీ ఊరుకోవు.

శబ్దం సంగతి. డిస్క్‌లో చుట్టూ ఆరు స్పీకర్లకి సరిపడే డీటీఎస్-హెచ్‌డీ 5.1 మాత్రమే ఉంది, నెత్తి మీద నుంచి కూడా శబ్దం వినిపించే అట్మాస్ లేదు. దీనికి మార్కులు కోసేవాళ్ళు కొందరున్నారు. నేను కొయ్యను. లండన్ టెంపుల్ చర్చిలో హాన్స్ జిమ్మర్ రికార్డు చేయించిన ఆర్గాన్ మోగినప్పుడు మా వంటింటి స్టాండులో స్టీలు గిన్నెలు కూడా కలిసి మోగాయి, అదే నాకు అట్మాస్. మాటలు సంగీతంలో మునిగిపోతాయన్న ఫిర్యాదు మాత్రం న్యాయమే. 2014లో హాల్లోనూ అంతే, డిస్క్ వాళ్ళు చెడగొట్టింది కాదు. మేం ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకునే చూశాం. ఇంగ్లీషు సినిమాకి ఇంగ్లీషు అక్షరాలా అని మా ఆవిడ నవ్వింది, తర్వాత తనే తియ్యొద్దంది. అసలు పరీక్ష మోతలో కాదు, నిశ్శబ్దంలో. అంతరిక్షంలో నౌక పేలిపోయే చోట బయటి నుంచి చూపిస్తూ చప్పుడు పూర్తిగా తీసేస్తారు. ఆ నిశ్శబ్దంలో మాకు పక్క ఫ్లాట్ కుక్కర్ మూడో విజిల్ వినపడింది. డిస్క్ తప్పేం లేదు, అపార్ట్‌మెంట్ బతుకు. ఒక మాట, టీవీ స్పీకర్లతోనే వినేటట్టయితే మీ డబ్బులో సగం నిజంగానే దండగ.

ఇదంతా రాస్తుంటే మనవాళ్ళ మీద కడుపుమంట వస్తోంది. మనకీ 1991లోనే టైమ్ మెషీన్ ఎక్కించిన ఆదిత్య 369 ఉంది. 2025 ఏప్రిల్‌లో 4కెలో మళ్ళీ హాళ్ళలోకి వచ్చింది, సంతోషం. నా అలమారలో పెట్టుకోవడానికి మాత్రం నా దగ్గరున్నది పాత వీసీడీ. రెండు ముక్కలు, మూల మీద కంపెనీ ముద్ర, పాట మధ్యలో కింద నుంచి పాకుతూ పోయే ఫోన్ నంబరు. శ్రీకృష్ణదేవరాయలు సభ తీర్చి కూర్చుంటే ఆయన పాదాల దగ్గర ఎవరిదో ఎస్టీడీ కోడు! మంచి డిస్క్ వేస్తే ఎవరు కొంటారండీ అంటారు. నేను కొంటాను. నాలాంటి పిచ్చోళ్ళు ఇంకొందరు ఉండకపోరు.

ఇంటర్‌స్టెల్లార్ డిస్క్ మీద నా పెద్ద ఫిర్యాదు ఒకటే, దర్శకుడి వ్యాఖ్యానం లేదు. ఇంత సినిమా తీసి పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్తే ఏం పోయింది? అదనపు డిస్క్ మాత్రం బావుంటుంది. సినిమా వెనక సైన్స్ మీద హీరో మెకానహే గొంతుతో ఒక డాక్యుమెంటరీ ఉంది. సినిమాకి సైన్స్ చెప్పిన కిప్ థోర్న్‌కి, ఈ డిస్క్ వచ్చిన 2017లోనే భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆయన సమీకరణాలతో గీసిన కృష్ణబిలంలో కొన్ని ఫ్రేములకి ఒక్కోదానికి వంద గంటల దాకా పట్టిందట. అది చెప్తే మామయ్య గారు ఊఁ కొట్టి ఊరుకున్నారు.

ఆయన ఉలిక్కిపడింది వేరే చోట. సినిమాలో కనపడే మొక్కజొన్న చేను గ్రాఫిక్స్ కాదు, కెనడాలో ఐదు వందల ఎకరాలు నిజంగా వేశారనీ, షూటింగ్ అయ్యాక మిగిలిన పంట అమ్ముకున్నారనీ చెప్పాను. ఆయన కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నారు.

"ఐదు వందల ఎకరాలా! క్వింటా ఎంతకి పోయిందంట?"

నేను నీళ్ళు నమిలాను. ఆయన అప్పటికే జేబులోంచి ఫోన్ తీసి, ఊళ్ళో వాళ్ళ పొలం కౌలుకి చేస్తున్నతనికి డయల్ చేస్తున్నారు. రాత్రి పదకొండున్నర. "ఏరా, మన జొన్న ఇంకా కాటా కాలేదా?"