టెస్టింగ్ అంటున్నాడు, మాన్పించమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో 'పెర్ఫ్' అనే ప్రొఫైలింగ్ టూల్ (ప్రోగ్రాం ఎలా నడుస్తోందో కొలిచేది) ఉందట. అందులో ప్రాసెసర్ మెట్రిక్స్ పార్సింగ్‌ని టెస్ట్ చేస్తున్నానంటూ రాత్రిళ్లు కూర్చుంటున్నాడు. తోటివాళ్లంతా విజయవాడ వెళ్లి ఫుల్ స్టాక్ కోర్సుల్లో చేరారు. టెస్టింగ్ అంటే చిన్న ఉద్యోగమే కదా అని మాకు టెన్షన్‌గా ఉంది. మాన్పించమంటారా? - ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మాన్పించకండి. అయితే దీన్నే పట్టుకుని క్యాంపస్ ప్లేస్‌మెంట్లు వదిలేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి.

స్క్రీన్ మీద బటన్లు నొక్కి చూసే టెస్టింగ్ కాదండీ ఇది. ఎన్ని సైకిల్స్ (ప్రాసెసర్ గడియారం టిక్కులు) గడిచాయి, ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు పూర్తయ్యాయి అని లెక్కపెట్టే కౌంటర్లు ప్రాసెసర్ లోపలే ఉంటాయి. పెర్ఫ్ వాటిని చదువుతుంది. ఇన్‌స్ట్రక్షన్లను సైకిల్స్‌తో భాగిస్తే ఐపీసీ, అంటే సైకిల్‌కి ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లన్నది, వస్తుంది. ఇలా లెక్కేసి తెచ్చేదే మెట్రిక్. ఇలాంటి ఫార్ములాలు ఒక్కో రకం ప్రాసెసర్‌కి విడివిడిగా జేసన్ అనే తరహా టెక్స్ట్ ఫైళ్లలో రాసి ఉంటాయి. కొన్ని చాంతాడంత. ఎక్కడో ఒక బ్రాకెట్ జారినా ఆ మెట్రిక్ ఇక రాదు.

అన్ని రకాల ప్రాసెసర్లూ ఎవరి దగ్గరుంటాయి? అందుకే ఈ పార్సింగ్ (ఫార్ములాను విడదీసి చదవడం) టెస్ట్‌లో ఈవెంట్లకు, అంటే కౌంటర్లు లెక్కపెట్టే ఒక్కోదానికి, ఉత్తుత్తి విలువలిచ్చి, ఫార్ములా లెక్క తేలుతుందా అని చూస్తారు. అన్నిటికీ 1 ఇచ్చేస్తే ఓ చిక్కుంది. హారంలో ఒక ఈవెంట్‌లోంచి ఇంకోటి తీసేసే చోట సున్నా వస్తుంది, సున్నాతో భాగించలేం, తప్పు లేని ఫార్ములా కూడా ఫెయిలవుతుంది. అందుకని ఒక్కో ఈవెంట్‌కి ఒక్కో అంకె ఇస్తారు. ఎందుకలా అని మీవాడిని అడగండి. తడుముకోకుండా చెబితే అర్థమయ్యే చేస్తున్నట్టు. టెస్ట్ పాసైతే మెట్రిక్ కరెక్టేనా అని కూడా అడగండి. కాదనాలి. ఫార్ములాను చదవగలిగిందనే దాని అర్థం. వచ్చే అంకె నిజమా కాదా అన్నది అసలు ప్రాసెసర్ మీద నడిపి తేల్చుకోవాల్సిందే.

ఉద్యోగాల సంగతి. ఏఎండీ, ఇంటెల్, క్వాల్‌కామ్ లాంటి చోట్ల ఈ తరహా పని ఉంటుంది. హైదరాబాదో బెంగళూరో వెళ్లాలి. ఫ్రెషర్లకు ఖాళీలు తక్కువ, ఎంటెక్ చేసినవాళ్లు పోటీకొస్తారు. అందుకే ఎంటెక్ ప్రవేశానికి పనికొచ్చే గేట్ పరీక్ష రాయమంటాను. కంప్యూటర్ ఆర్గనైజేషన్, కంపైలర్ డిజైన్ రెండూ ఆ సిలబస్‌లోవే. పెర్ఫ్‌లో ఫార్ములాలు చదివే పార్సర్ ఫ్లెక్స్, బైసన్ అనే టూల్స్‌తో రాసిందే. మన పిల్లలు కంపైలర్ ల్యాబ్‌లో లెక్స్, యాక్ పేరుతో రికార్డు రాసి వదిలేసేవి ఈ కోవలోవే! మీవాడు వాటిని నిజం పనిలో చూస్తున్నాడు.

ఫుల్ స్టాక్ ఫీజు ఇప్పుడే కట్టకండి. ప్లేస్‌మెంట్ పరీక్షకి డేటా స్ట్రక్చర్స్ రోజూ ఓ గంట చేస్తే నయం. రెజ్యూమేలో 'టెస్టింగ్ చేశాను' అని ఒక్క ముక్కతో సరిపెట్టొద్దనండి. ఏ ఫార్ములా ఎందుకు ఫెయిలైందో, తను ఎలా సరిచేశాడో రెండు వాక్యాల్లో రాయాలి. ఇంకోటి, వర్చువల్ మెషీన్‌లో (ఉన్న సిస్టమ్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో) నడుపుతుంటే ఈ కౌంటర్లు చాలాసార్లు 'నాట్ సపోర్టెడ్' అంటాయి. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే లినక్స్ నేరుగా దాంట్లోనే ఎక్కించుకోమనండి.