పెద్దయ్యాక జ్ఞానస్నానం: తేదీ ముందా, తయారీ ముందా?

ప్రశ్న: మాది హిందూ కుటుంబం. ఏళ్లుగా విజయవాడ గుణదల మేరీమాత కొండకు వెళ్తున్నాను. ఇప్పుడు కథోలికురాలిని కావాలనుంది. వచ్చే ఫిబ్రవరి ఉత్సవాల్లోనే జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇస్తారా? ముందు పాపసంకీర్తనం, అంటే ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం, చేయాలా?
– ఒక పాఠకురాలు, పటమట

జవాబు: ఫిబ్రవరి 9, 10, 11న కొండకు వెళ్లి మొక్కు తీర్చుకోండమ్మా. జ్ఞానస్నానానికి మాత్రం ఆ తేదీ అనుకోకండి. పెద్దవాళ్లకు అసలు సమయం పాస్కా జాగరణ, అంటే ఈస్టరు ముందు శనివారం చీకటి పడ్డాక. ముందు మీరు ఉంటున్న చోటి విచారణ (పారిష్) ఫాదర్ గారిని కలవండి. ఆయన మిమ్మల్ని మతబోధ చేసే ఉపదేశికో సిస్టర్లకో అప్పగిస్తారు. కొన్ని నెలలు పట్టవచ్చు, ఏడాది దాటినా తప్పులేదు. పరలోక జపం, మంగళవార్త జపం నోటికి వచ్చేస్తే చదువు అయిపోయిందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. విశ్వాస ప్రమాణంలో ఒక్కో మాటకు అర్థమేమిటో మీ మాటల్లో చెప్పగలగాలి.

తపస్కాలం (ఈస్టరుకు ముందు ఉపవాస దినాలు) మొదటి ఆదివారం నాటికి ఎవరెవరు సిద్ధమో తేలిపోతుంది, ఆ పేర్లు మేత్రాణులకు (బిషప్ గారికి) అందుతాయి. తరవాత మూడు, నాలుగు, ఐదో ఆదివారాల్లో సమరియ స్త్రీ, పుట్టుగుడ్డి, లాజరు సువార్తలు చదివి, మోకరిల్లిన మీకోసం గుడి మొత్తం ప్రార్థిస్తుంది. దాహం, చీకటి, చావు: వరస చూశారా? వీటిని ఎగరగొట్టి నేరుగా నీళ్ల దగ్గరికి రావాలనుకునేవాళ్లే ఎక్కువ. తపస్కాలం మొదలయ్యాక వచ్చి చేరితే మామూలుగా మరుసటి ఏడాదే.

జ్ఞానస్నానం లేనివారికి పాపసంకీర్తనం ఉండదు. ఆ నీళ్లతోనే పాపాలన్నీ పోతాయి. అప్పటిదాకా పూజకు రండి గానీ, వెనకవాళ్లు తోసినా సత్ప్రసాదం (కమ్యూనియన్) వరసలోకి వెళ్లకండి.

ఆ రాత్రి తలపై మూడుసార్లు నీళ్లు పోస్తారు. తెల్లబట్ట, పాస్కా కొవ్వొత్తి నుంచి వెలిగించిన దీపం ఇస్తారు. మేత్రాణుల కోసం ఆగకుండా ఫాదర్ గారే నుదుట క్రిస్మా అనే పవిత్ర తైలం రాసి భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) ఇస్తారు. ఆ పూజలోనే తొలి సత్ప్రసాదం. దానికి గంట ముందు నుంచి ఏమీ తినకూడదు, మంచినీళ్లు, మందులు ఫరవాలేదు. పట్టుచీర వద్దు, తైలం మరక ఒక పట్టాన పోదు. తువ్వాలు మీరే తెచ్చుకోండి.

జ్ఞానతల్లి (జ్ఞానస్నానంలో మీకు తోడు నిలిచే గాడ్‌మదర్) ఒక్కరున్నా చాలు. 16 ఏళ్లు నిండి, అభ్యంగనం పొంది, గుడికి వెళ్లే కథోలికురాలై ఉండాలి. కన్నతల్లి పనికిరాదు. మీకు పెళ్లయి ఉంటే, ముఖ్యంగా విడాకుల సంగతి ఉంటే, మొదటి రోజే చెప్పండి. చివరి వారంలో బయటపడితే అంతా ఆగిపోతుంది.

ప్రశ్న: నాకు చిన్నప్పుడే లూథరన్ గుడిలో బాప్తిస్మమైంది. కాగితం దొరకలేదు. కథోలిక అమ్మాయితో పెళ్లి కుదిరింది. మళ్లీ బాప్తిస్మం ఇస్తారా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇవ్వరు బాబూ. నీళ్లతో, పిత పుత్ర పవిత్రాత్మ నామమున జరిగి ఉంటే అది చెల్లుతుంది, రెండోసారి ఉండదు. 'యేసు నామమున' అని మాత్రమే ఇచ్చే సంఘాల నుంచి వచ్చేవారికే చిక్కు. ముందు ఆ గుడి రిజిస్టరు వెతికించండి. లేకపోతే, మీ బాప్తిస్మం కళ్లారా చూసిన నమ్మదగిన సాక్షి ఒక్కరు చాలు. మేనత్తో పెదనాన్నో ఉండే ఉంటారు. పటమట పాఠకురాలికి చెప్పింది మీకు వర్తించదు: మీరు ముందు పాపసంకీర్తనం చేయాలి. ఆ తరవాత విశ్వాస ప్రకటన, అభ్యంగనం, సత్ప్రసాదం. ఈస్టరు దాకా ఆగనక్కర్లేదు. పెళ్లి కోసమే మారాలన్న నిబంధన లేదు, మేత్రాణుల అనుమతితో మీరు లూథరన్‌గా ఉండే గుడిలో పెళ్లి చేసుకోవచ్చు. మనసు లేకుండా మారడం కన్నా అదే మేలు.

ప్రశ్న: నాది ఎస్సీ సర్టిఫికెట్. రిజిస్టరులో రాయకుండా జ్ఞానస్నానం ఇస్తారా?
– పేరు వద్దన్న పాఠకుడు, మంగళగిరి రోడ్డు, గుంటూరు

జవాబు: రాయకుండా కుదరదు. రేపు మీ పెళ్లికి అడిగేది ఆ పుటనే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందువులు, సిక్కులు, బౌద్ధులకే. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సీ కిందికి వస్తారు. ఉద్యోగం, పిల్లల ఫీజులు ఈ లెక్కతో ఇంట్లో మాట్లాడుకున్నాకే ఫాదర్ గారి దగ్గరికి వెళ్లండి.